హెబ్లీ క్లబ్బులో నీలం బంతి

హెబ్లీ ఊరి స్క్వాష్ క్లబ్బులో రెండో కోర్టు ఎత్తేసి అక్కడ బరువులెత్తే యంత్రాలు పెడదామని డెరిక్ ఆక్రాయిడ్ అన్నప్పుడు, కమిటీలో ఉన్నవాళ్లందరూ బల్ల మీది బిస్కెట్ల వంక చూశారు. నోరీన్ హెప్‌వర్త్ ఒక్కతే డెరిక్ వంక చూసింది.

"ఆ కోర్టు నీకేం అన్యాయం చేసిందోయ్?" అంది.

"అన్యాయం చెయ్యలేదు నోరీన్. అసలేమీ చెయ్యట్లేదు, అదీ గొడవ. వారంలో సగం రోజులు అందులో దీపమే వెలగదు. ఆడే మనుషులేరీ?"

"ఎందుకు లేరు? ఊళ్లో సగం మంది ఆడవాళ్లే. మనం ఏనాడైనా పిలిచామా?"

ఎవరో టీ కప్పులోకి నవ్వారు. డెరిక్ నవ్వలేదు. అతను చెడ్డవాడు కాడు. క్లబ్బు పైకప్పు కారితే తనే నిచ్చెనేసుకుని ఎక్కే అధ్యక్షుడు. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. కాసేపు గడ్డం గోక్కుని చివరికి ఓ మాటన్నాడు.

"సరే. బుధవారం సాయంత్రం ఏడింటి నుంచి ఎనిమిదింటి దాకా రెండో కోర్టు నీది. ఎంతమందిని తెచ్చుకుంటావో తెచ్చుకో. ఈస్టర్ నాటికి వాళ్లు అందులో నిజంగా స్క్వాష్ ఆడుతుంటే కోర్టు ఉంటుంది. లేదంటే యంత్రాలు దిగుతాయి. మళ్లీ నా మీద పడి ఏడవకూడదు."

"ఏడ్చేది ఎవరో చూద్దాంలే," అంది నోరీన్.

నోరీన్ హెబ్లీ వీధుల్లో ఉత్తరాలు పంచి పంచి రిటైరైన మనిషి. అరవై దాటినా ఆ కాళ్లలో పస తగ్గలేదు. ఆమె క్లబ్బులో చేరిన కాలంలో ఆడవాళ్లకు కోర్టు మధ్యాహ్నం పూటే ఇచ్చేవారు, అదీ మగవాళ్లెవరికీ అక్కర్లేకపోతేనే. సాయంత్రాలు కావాలంటే పైన బాల్కనీలో కూర్చుని భర్తల ఆట చూసి చప్పట్లు కొట్టుకోవచ్చు. నోరీన్‌కి భర్త లేడు, చప్పట్లు కొట్టే ఓపిక అసలే లేదు. మగవాళ్లు ఆడే బంతితోనే ఆడి, ఒక్కొక్కణ్ణీ ఓడిస్తూ సాయంత్రం కోర్టు గుంజుకుంది. ఆ బంతి మీద రెండు పసుపు చుక్కలుంటాయి. పెద్ద పోటీల్లో వాడేది అదే. గోడకేసి బాది బాది వేడెక్కిస్తేగాని అది నేల మీంచి లేవదు. చల్లబడిందా, పచ్చి బంగాళాదుంపలా పడుంటుంది. ఆ బంతిని లేపగలగడమే హెబ్లీ క్లబ్బులో మొనగాడితనం. నోరీన్ లేపింది. ఆ గర్వం ఆమెకు ఇప్పటికీ ఉంది, ఉండటం న్యాయమే.

సూపర్‌మార్కెట్లో, స్కూలు గేటు దగ్గర, బస్ డిపోలో ఆమె కాగితాలు అంటించింది. మొదటి బుధవారం వచ్చినవాళ్లను చూసి బార్‌లో మగవాళ్లు గ్లాసులు దించారు. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి వచ్చింది. రొట్టెల షాపావిడ వచ్చింది. కవల పిల్లల్ని మొగుడికి అప్పగించి ఒకామె వచ్చింది. బస్సు నడిపే షెల్లీ బారక్లఫ్, పద్నాలుగేళ్ల కూతురు ఫ్రేయాతోనూ, ఫ్రేయా స్నేహితురాళ్లతోనూ దిగింది. షెల్లీది బస్సు వెనక సీటు దాకా వినపడే గొంతు.

"ఇదేంటమ్మా, లోపల ఇంత చలి! మాంసం కొట్టువాడి ఫ్రిజ్‌లో పెట్టారా మమ్మల్ని?" అందామె రాగానే.

అందరూ నవ్వారు. నోరీన్ మధ్యలో నిలబడి జేబులోంచి పసుపు చుక్కల బంతి తీసింది.

"చూడండి, పిల్లల బంతులు తెచ్చి మిమ్మల్ని చిన్నబుచ్చను. మగవాళ్లు దేంతో ఆడితే మనమూ దాంతోనే ఆడదాం. ఒప్పుకుంటారా?"

ఒప్పుకుంటామని గోల చేశారు పాపం. ఆ తర్వాత గంటసేపు ఆ కోర్టులో జరిగిందాన్ని ఆట అనడానికి నోరు రాదు. జనవరి చలి, నోట్లోంచి పొగలు, ముందు గోడకు తగిలి తుస్సుమని రాలే బంతి. కొట్టడం, వంగి ఏరుకోవడం, మళ్లీ కొట్టడం, మళ్లీ వంగడం. గోడ అడుగున కట్టిన రేకుకు బంతి తగిలినప్పుడల్లా ధణ్‌మని మోగేది. తగిలితే పాయింటు పోయినట్టే. ఆ సాయంత్రం క్లబ్బు అంతా ఆ మోతే. "మణికట్టు బిగించు! ఇంకా గట్టిగా! వేడెక్కించు దాన్ని!" అని నోరీన్ అరుస్తూనే ఉంది. చివర్లో రొట్టెల షాపావిడ నడుం పట్టుకుని, "నేను పిండి పిసుక్కోవడమే నయం," అంటూ బయటపడింది.

రెండో బుధవారానికి సగం మంది తగ్గారు. నాలుగో బుధవారానికి షెల్లీ, ఫ్రేయా మిగిలారు. బార్ కిటికీలోంచి డెరిక్ చూశాడు గాని ఏమీ అనలేదు. అని ఉంటే నోరీన్‌కి ఇంత మండేది కాదు.

"ఈ కాలం వాళ్లకి పట్టుదల లేదు," అంది ఆ సాయంత్రం, ఆట అయ్యాక, బీరు గ్లాసు ముందు కూర్చుని.

షెల్లీ చిప్స్ పొట్లం చింపి బల్ల మధ్యలో పరిచింది. "ఒక మాట అడుగుతా, కోప్పడకండి నోరీన్. మీరు మాకు ఆట నేర్పుతున్నారా, పరీక్ష పెడుతున్నారా?"

"అంటే?"

"అంటే ఏముంది? పొద్దుట్నుంచి బస్సు తోలి, జనం చేత తిట్లు తిని, కాస్త నవ్వుకుందామని ఇక్కడికొస్తా. గంటసేపు నేల మీంచి రబ్బరు ఉండ ఏరుకుని ఇంటికి పోతున్నా. ఆ పనికి నాకు జీతమన్నా ఇవ్వాలి."

ఫ్రేయా చిప్స్ నములుతూ మెల్లగా అంది. "స్కూల్లో మేం నీలం బంతితో ఆడతాం. అది పెద్దది. వేడెక్కించక్కర్లా, దానంతటదే ఎగురుతుంది. మా క్లాసులో అందరూ ఆడతారు."

"అది పసిపిల్లల బంతి," అంది నోరీన్.

"మేం పసిపిల్లలమే గదా ఈ ఆటకి!" అంది షెల్లీ. "నన్ను డ్రైవింగ్ స్కూల్లో మొదటి రోజే రెండంతస్తుల బస్సెక్కించి కొండ మీదికి తోలమన్నారా? మిమ్మల్ని మగాళ్లు ఏడిపించారు, మీరు గెలిచారు, శభాష్. దానికి మేమెందుకు ఏడవాలి చెప్పండి?"

నోరీన్ లేచింది. గ్లాసు సగంలో వదిలేసి, చలికోటు వేసుకుని ఇంటికి నడిచింది. దారి పొడుగునా షెల్లీని తిట్టుకుంది. వంతెన దాటేసరికి తిట్లు అయిపోయాయి. అత్తగారి ఆరళ్లు పడ్డ కోడలే అత్తయ్యాక రెండాకులు ఎక్కువ చదువుతుందంటారు. తను సరిగ్గా ఆ పనే చేసింది. తనను బయట నిలబెట్టిన బంతినే తెచ్చి వీళ్ల చేతిలో పెట్టి, లోపలికి రండి అంది. సిగ్గేసింది ఆమెకు. సిగ్గుపడి ఊరుకునే మనిషయితే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

మర్నాడే ఫ్రేయా వాళ్ల స్కూలుకు వెళ్లి, వ్యాయామం టీచరుని అడిగి సంచీడు నీలం బంతులు తెచ్చుకుంది. తర్వాత వీధుల మీద పడింది. ఏ తలుపు ఎవరిదో, ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో ఆమెకు తెలియంది కాదు. ఒక్కొక్క తలుపూ తట్టి ఒకటే మాట చెప్పింది. "తప్పు నాది. మీకు తప్పుడు బంతి ఇచ్చా. ఇంకొక్కసారి రండి. నచ్చకపోతే మళ్లీ మీ గుమ్మం తొక్కను."

"ఉత్తరాలిచ్చే రోజుల్లో కూడా ఇంత పొద్దున్నే రాలేదు గదే నువ్వు!" అంది రొట్టెల షాపావిడ, చేతుల నిండా పిండితో. కానీ వచ్చింది. అందరూ వచ్చారు, కొందరు చెల్లెళ్లని కూడా వెంటేసుకుని.

ఆ బుధవారం షెల్లీ మొదటి దెబ్బ కొట్టింది. నీలం బంతి గోడకు తగిలి, నేల మీద పడి, నడుం ఎత్తు లేచింది. ఎదురుగా ఉన్న పళ్ల డాక్టరు దగ్గరి అమ్మాయి దాన్ని చూసి, కొట్టడం మరిచిపోయి కెవ్వుమంది. తర్వాత కొట్టింది. షెల్లీ తిరిగి కొట్టింది. మళ్లీ ఆమె. బంతి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, బయట వరసలో ఉన్నవాళ్లు పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చివరికి ఇద్దరూ ఊపిరాడక గోడకు చారగిలబడి నవ్వుతుంటే, నోరీన్‌కి ఒళ్లు పులకరించింది. ఆ కోర్టులో అంత నవ్వు ఆమె అంతకు ముందెప్పుడూ వినలేదు.

కొన్ని వారాలు గడిచేసరికి బుధవారం ఏడింటికి వరస మెట్ల దాకా వచ్చింది. ఆడపిల్లలు స్కూలు నుంచి తిన్నగా బ్యాగులతో వచ్చేవారు. నోరీన్ గోడల మూలలకు బంతి పంపడం, నడుమ చోటు వదలకపోవడం ఒక్కొక్కటీ నేర్పింది. ఆటగాళ్లు తప్పు తామే ఒప్పుకోవడం కూడా నేర్పింది. బంతి రెండోసారి నేల తాకాక కొడితే, ఎవరూ చూడకపోయినా సరే, కొట్టినవాళ్లే చెయ్యెత్తి చెప్పాలి. అది దాచినవాడితో హెబ్లీ క్లబ్బులో ఎవరూ బీరు తాగరు.

ఈస్టర్ ముందు బుధవారం డెరిక్ గ్లాసు పట్టుకుని బాల్కనీ ఎక్కాడు. కాసేపు చూశాడు. అతని పక్కన నిలబడ్డ నోరీన్ కిందున్నవాళ్లను చూసుకుంది. లెక్కకు మించి మనుషులున్నారు, ఇంకేమంటాడు?

"బాగుంది నోరీన్. సందడిగా ఉంది," అన్నాడు డెరిక్. "కానీ ఇది స్క్వాష్ కాదు."

"ఏంటీ?"

"ఆ బంతి చూడు, కుందేలుపిల్లలా ఎగురుతోంది. సముద్రం ఒడ్డున ఇసకలో ఆడుకునే ఆట ఇది. వాళ్లు స్క్వాష్ ఆడాలని నేనన్నా, నువ్వు సరేనన్నావ్. మాట మాటే."

నోరీన్ నోరు తెరిచేలోపు కిందనుంచి షెల్లీ గొంతు లేచింది. బాల్కనీలో అన్న మాట కింద కోర్టులోకి వినపడుతుంది. "ఓ డెరిక్! అంత తేలికైన ఆటయితే కిందికొచ్చి ఆడి చూపించరాదూ?"

కోర్టు నిండా ఈలలు. డెరిక్ మొహం ఎర్రబడింది. అరవై నాలుగేళ్లొచ్చినా ఈ చుట్టుపక్కల తన వయసువాళ్లలో తనని ఓడించినవాడు లేడు.

"నీలాంటి వాళ్లతో ఆడితే నాకేం గొప్ప అమ్మాయ్? మూడు నెలలయిందా నువ్వు రాకెట్ పట్టి?"

"మరి భయమెందుకు?"

"భయమా! సరే విను. పదకొండేసి పాయింట్ల గేములు మూడు. ఆ బొమ్మ బంతితోనే. మూడింట్లో ఒక్క గేము, ఒకే ఒక్కటి నా దగ్గర లాక్కో, ఇది స్క్వాషేనని ఒప్పుకుంటా. కోర్టు మీది."

"నేనాడతా," అంది నోరీన్ గబుక్కున.

"నువ్వు కాదు. నీ సంగతి నాకు తెలుసు," అన్నాడు డెరిక్. నోరీన్‌కి అది పొగడ్తలాగే వినపడింది గాని, అప్పుడు సంతోషించే తీరిక లేదు. కోర్టు ఉండటమూ పోవటమూ షెల్లీ చేతిలోకి వెళ్లిపోయింది. పాయింట్లు చెప్పడానికి నోరీన్ బాల్కనీలోనే ఉండిపోయింది.

డెరిక్ ఆట గురించి ఒక సంగతి చెప్పాలి. అతను పరిగెత్తడు. పదేళ్లయింది పరిగెత్తి. కోర్టు నడుమ కాళ్లు పాతుకుని నిలబడి, బంతిని ముందు గోడ మూలకు సుతారంగా తాకిస్తాడు. అది రేకు మీద జానెడెత్తున తగిలి, నేల మీద పడి, అక్కడే ప్రాణం వదులుతుంది. ఎదుటివాడు పరిగెత్తుకొచ్చేసరికి చూడ్డానికి శవమే మిగులుతుంది. ముప్పై ఏళ్ల ఆట అంతా ఆ ఒక్క దెబ్బ మీద కట్టుకున్న మేడ.

మొదటి గేము అలవాటు కొద్దీ గెలిచేశాడు, షెల్లీకి కంగారు ఎక్కువై. రెండో గేములోనే పప్పులో కాలేశానని అతనికి తెలిసొచ్చింది. నీలం బంతి చావదు. మూలకు ఎంత సుతారంగా తాకించినా, అది నేల మీంచి ఎగిరి, ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నట్టు గాల్లో ఆగుతుంది. షెల్లీ వస్తుంది. బస్సు బ్రేకులు తొక్కి తొక్కి బలిసిన కాళ్లతో దడదడా వచ్చి, దాన్ని ఎత్తి వెనక గోడకు పంపుతుంది. డెరిక్ వెనక్కి పరిగెత్తాలి. పదేళ్ల తర్వాత పరిగెత్తాడు.

"పది–ఎనిమిది, డెరిక్‌ది పైచేయి," అంది నోరీన్.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు డెరిక్ బంతిని దీపం వైపు ఎత్తి తిప్పి తిప్పి చూశాడు. "దీంట్లో ఏముందే, స్ప్రింగులా?"

"ఊపిరి తీసుకోండి డెరిక్, అంబులెన్స్ ఖాళీగా లేదు," అంది షెల్లీ. ఆమెకూ చెమట ధారగా కారుతోంది.

రెండో గేము ఎలాగో గట్టెక్కాడు. మూడోదానికి వచ్చేసరికి అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. బాల్కనీలో ఆడవాళ్లు, వాళ్ల వెనక బార్ నుంచి వచ్చిన మగవాళ్లు కిక్కిరిసి నిలబడ్డారు. ఫ్రేయా రెండు చేతులతో బాల్కనీ కమ్మీ పట్టుకుని అమ్మ వంకే చూస్తోంది. అయిదు–అయిదు. ఎనిమిది–ఎనిమిది. తొమ్మిది–తొమ్మిది. అప్పుడు షెల్లీ గోడ వెంబడి ఒక పొడుగు దెబ్బ కొట్టింది, డెరిక్ అందుకోలేకపోయాడు.

"పది–తొమ్మిది, షెల్లీ. గేమ్ బాల్." ఇంకొక్క పాయింటు. నోరీన్ ముందుకు వంగింది. దేవుడా, దేవుడా, ఒక్కటి.

ఆ పాయింటు ఎంతసేపు సాగిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆఖరికి షెల్లీ ముందుకొచ్చి బంతిని వెనక మూలకు ఎత్తి కొట్టింది. సరిగ్గా బాల్కనీ కిందికి, పైనున్నవాళ్లెవరికీ కనపడని మూలకు. డెరిక్ రొప్పుతూ పరిగెత్తాడు. రాకెట్ గోడను గీసిన చప్పుడు. బంతి గాల్లో తేలుతూ వచ్చి ముందు గోడకు తాకి, షెల్లీకి అందనంత దూరంలో పడింది. అతని వీపు అడ్డమై షెల్లీ కూడా వెనక ఏం జరిగిందో చూడలేదు.

పది–పది. మాట నోరీన్ పెదాల దాకా వచ్చింది. చెప్పక తప్పదు.

కానీ కింద డెరిక్ కదలట్లేదు. ఆ మూలలోనే గోడకు నుదురానించి నిలబడ్డాడు, వీపు ఎగసెగసి పడుతోంది. తర్వాత ముందుకు నడిచొచ్చి, పైకి చూసి, చెయ్యెత్తాడు.

"రెండుసార్లు పడింది," అన్నాడు. "నేను కొట్టేలోపు రెండోసారి నేల తాకింది. పాయింటు ఆమెది."

 ఆ పైన లేచిన గోలకు బార్‌లో గ్లాసులు కూడా అదిరి ఉంటాయి. షెల్లీ అతన్ని అమాంతం కావలించుకుంది. "వదులమ్మా, చచ్చిపోతా," అన్నాడు డెరిక్ నిజంగానే.

ఆఖరి గేము ఓడినవాళ్లు తర్వాతి ఆటకు పాయింట్లు చెప్పాలి. ఆ క్లబ్బులో అధ్యక్షుడికైనా ఆ నియమం తప్పదు. డెరిక్ మెడలో తువ్వాలు వేసుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ బాల్కనీ ఎక్కి, నోరీన్ పక్క కుర్చీలో కూలబడ్డాడు. కింద ఫ్రేయా, ఆమె స్నేహితురాలు ఇమొజెన్ నీలం బంతితో మొదలుపెట్టారు.

"మోకాలు పోయింది," అన్నాడు డెరిక్.

"ఐసు పెడతాలే," అంది నోరీన్. ఆమె కోర్టు వైపు తిరిగింది. డెరిక్ కూడా కోర్టు వంకే చూస్తూ, "ఒకటి–సున్నా... రెండు–సున్నా..." అంటూ పోయాడు. మొదట గొణిగాడు. పిల్లలిద్దరూ మూలల దాకా పరిగెత్తి బంతులు తియ్యడం చూశాక గొంతు పెరిగింది.

ఎనిమిది కొట్టగానే కోర్టు తలుపు దబదబా మోగింది. బుధవారం ఎనిమిదింటి కోర్టు ఏళ్ల తరబడి ఇద్దరు మగవాళ్లది, ఇద్దరూ డెరిక్ నేస్తాలే. పొరుగూరు నుంచి అప్పుడే కారు దిగారు, ఇక్కడ జరిగిందేమీ తెలీదు. తలుపు మోగితే లోపలున్నవాళ్లు ఆట ఎక్కడున్నా ఆపి వచ్చెయ్యడం ఆనవాయితీ. తలుపు తెరుచుకుంది. ఫ్రేయా మారుమాట లేకుండా నీళ్ల సీసా తీసుకుంది. ఇమొజెన్ చలికోటు వెతుక్కుంటోంది.

డెరిక్ కుర్చీలోంచి లేచి బాల్కనీ కమ్మీ మీదికి వంగాడు.

"ఎవరయ్యా అది? మ్యాచ్ నడుస్తుంటే తలుపు తీస్తారా?"

"ఎనిమిదైంది డెరిక్!" అన్నాడు కిందనుంచి ఒకాయన. "పిల్లలేదో ఆడుకుంటున్నారు, అంతే గదా?"

"స్క్వాష్ ఆడుతున్నారు. తలుపు వేసి బయట నిలబడండి."

వాళ్లు అతని మొహం చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, వెనక్కి వెళ్లారు. తలుపు మూసుకుంది.

"ఫ్రేయా, సీసా కింద పెట్టు తల్లీ. సర్వీసు నీదే," అన్నాడు డెరిక్. "ఎనిమిది–ఏడు."

నోరీన్‌కి కోర్టు మసకగా కనిపించింది. కళ్లు తుడుచుకోవడానికి ఏమీ దొరక్క డెరిక్ మెడలో ఉన్న తువ్వాలు లాక్కుంది. అతను తల తిప్పలేదు. బంతి వంకే చూస్తున్నాడు.